సామ్యూల్ చెంప మీది మచ్చ

గద్వాలలో చీరల దుకాణం మీది గదిలో ముగ్గురు కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారు చేస్తారంటే ఆ వీధిలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కింద దుకాణాయన అదేదో ఆన్‌లైన్ పేకాట వ్యవహారమనుకుని, పోలీసులొస్తే తనకేం సంబంధం లేదని ముందే చెప్పి పెట్టాడు.

మధు ప్రోగ్రాం రాస్తాడు. అతని భార్య యమున బొమ్మలు గీస్తుంది, కథ కూడా ఆమెదే. మధు స్నేహితుడు సతీష్ మాటలు, చప్పుళ్లు రికార్డు చేస్తాడు. మేడ మీద ఉన్నారు కాబట్టి ‘మేడమీద గేమ్స్’ అని పేరు పెట్టుకున్నారు. వీళ్ల ఆటల్లో తుపాకులుండవు, కార్ల పందేలుండవు. ఒక మనిషి వెంట ఊరూరూ తిరుగుతూ, ఎదురైనవాళ్లను పలకరిస్తూ, చిక్కుముళ్లు విప్పుకుంటూ పోవాలి. గద్వాల కోట కింద నిధి వెదికే మొదటి ఆటను ఎవరూ పట్టించుకోలేదు. రెండోది ‘జాడ’. పనికి పోయి తిరిగిరాని కొడుకు కోసం ఒక తల్లి కూలీల క్యాంపులన్నీ తిరిగే కథ.

ఆ తల్లి గొంతు బుజ్జమ్మది.

బుజ్జమ్మది మల్దకల్ దగ్గర పల్లె. యమున వాళ్ల నాన్న విత్తనపత్తి చేనులో ఏటేటా క్రాసింగ్‌కు వచ్చేది. సాయంత్రం మొగ్గల పొట్ట విప్పి ఉంచడం, తెల్లవారాక మగపువ్వు తెచ్చి వాటికి రాయడం. ఒక్క మొగ్గ తప్పిపోయినా విత్తనం కల్తీ అయినట్టే. సెలవుల్లో యమున కూడా ఆమె పక్క సాలులో నిలబడి ఆ పని నేర్చుకుంది. అప్పటి నుంచీ ఆమెను ‘బుజ్జమ్మక్కా’ అనే పిలిచేది.

బుజ్జమ్మకు, ఆమె భర్త అబ్రహాంకు ఒక్కడే కొడుకు, సామ్యూల్. కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట కర్ణాటకలో కాలువ పనికి పోయాడు. కొన్నాళ్లకు మేస్త్రి ఫోన్ చేసి, మీవాడు పారిపోయాడు, ఇంటికొస్తే పంపండి అన్నాడు. ఇంటికి రాలేదు. ఫోన్ మోగడం మానేసింది. పోలీస్ స్టేషన్‌కు పోతే, మీసాలొచ్చిన పిల్లగాడు, యాడ తిరుగుతుండో, వాడే వస్తడు పొమ్మన్నారు.

యమునకు ఆ కథ తెలుసు. ఆట మాట ఎత్తినప్పుడు బుజ్జమ్మ ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది. బుజ్జమ్మ అవేవీ చేయలేదు, బేరం పెట్టింది.

“నా మాటలు తీస్కో, నా ఏడుపు గూడ తీస్కో. గాని నా కొడుకు మొకమే పెట్టాలె. ఇంకొకని మొకం పెడితె నేను రాను.”

“ఆటల ఏ మొకమైతేందక్కా?”

“ఎంతమంది చూస్తరంటివి?”

“వేలమంది చూడొచ్చు.”

“గంతమందిల ఒక్కడన్న వాణ్ని యాడనో చూసి ఉండడా?” అంది బుజ్జమ్మ. “పోలీసోళ్లు గోడకు కాయితం అంటియ్యలే. నువ్వన్న అంటియ్యి.”

యమున సరేనంది.

సామ్యూల్ ఫోటో సరైనది ఒక్కటీ లేదు. చర్చిలో ఎవరిదో పెళ్లిలో పది మంది మధ్య తల తిప్పుకుని నవ్వుతున్న ఫోటో ఒకటే ఉంది, అందులోనూ సగం మొహమే. కాబట్టి బుజ్జమ్మ చెబుతుంటే యమున గీసింది. మధ్యాహ్నం చేను పని అయ్యాక బుజ్జమ్మ ఆటోలో దిగేది. మేడెక్కి, చేతులకంటిన పుప్పొడి కొంగుకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది.

“ముక్కు గంత సూదిగ లేదమ్మా. ఏం, మీ రెడ్ల పిల్లగాన్ని గీస్తున్నవా?”

సతీష్ పడీ పడీ నవ్వాడు. యమున ముక్కు చెరిపి మళ్లీ గీసింది.

“పెదిమె కింది నుంచి జర లావు. ఆఁ... ఇగ మచ్చ పెట్టు.”

ఆ మచ్చ ఎడమ కంటి కింద మొదలై, కారిన చుక్కలాగ దవడ దాకా దిగుతుంది. బుజ్జమ్మ, అబ్రహాం రోడ్డు పనులకు పోయిన రోజుల్లో, పాకే పిల్లవాడి మీద తారు చిందింది. కాలిన చోట తోలు తెల్లబారింది. మీసాలొచ్చాక కూడా ఆ చోట వెంట్రుక మొలవలేదు.

యమున మచ్చ గీసింది. బుజ్జమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని, కొంచెం దూరం నుంచి చూసింది. తర్వాత తెర మీద ఆ మొహాన్ని వేలితో తాకబోయి, “ఏమన్న అయితదా?” అని అడిగింది.

“ఏం కాదక్కా, ముట్టుకో.”

రికార్డింగ్ పెద్ద అవస్థ అయింది. వెనక ఇంట్లో మగ్గం ఆడుతుంటే మైకులో పడేది. సతీష్ దిగి పోయి బతిమాలితే నేతాయన కాసేపు ఆపేవాడు. “సినిమానా? నా పేరు గూడ వేస్తరా?” అని పైకి వినబడేలా అరిచేవాడు. ఆ కాస్త సేపట్లోనే బుజ్జమ్మ చెప్పాల్సినవన్నీ చెప్పేది. కాగితం మీద యమున రాసిచ్చిన మాటలు సతీష్ చదివి వినిపిస్తే, “గిట్ల ఎవరు మాట్లాడ్తరు?” అని తన తీరులోకి మార్చుకునేది.

“నా కొడుకును చూసినరా అన్నా? ఎడమ చేత్తోని తింటడు. ఎన్ని దెబ్బలు కొట్టినా మారలే. పని కాడ అందరూ నవ్వుతరు.”

అది యమున రాసింది కాదు. రాసిన వాటన్నిటికంటే అదే బాగుంది. ఆటలో అలాగే ఉంచారు.

ఆట ఒక రూపుకొచ్చాక, ముందే ఆడి తప్పులు చెప్పడానికి కొందరికి పంపించారు. బెంగళూరులో, హైదరాబాదులో ఇలాంటి ఆటలు చేసే కుర్రవాళ్లు ఒకరివి ఒకరు ఆడి పెడతారు. దారి దొరకని చోటు, తెర ఆగిపోయిన చోటు, రంగు తప్పిన చోటు, అన్నీ జాబితాగా వచ్చాయి. వాటిలో ఒకటి మళ్లీ మళ్లీ వచ్చింది. కొడుకు మొహం మీద రంగు ఒలికినట్టుంది, సరిచేయండి అని. చిన్న ఫోన్లలో ఆ తెల్ల గీత మచ్చలా కాక, తెర చెడినట్టు కనబడుతోంది.

యమున మచ్చను ముదురు చేసింది. అప్పుడు ఆ పిల్లవాడు రౌడీలా కనబడ్డాడు. పల్చన చేసింది. మళ్లీ రంగు ఒలికిందన్నారు.

“ఇప్పటికైతె తీసెయ్యి,” అన్నాడు మధు. హైదరాబాదులో ఆటల ప్రదర్శన దగ్గరపడింది, అక్కడ ఆటను పెట్టి చూపించుకోవడానికి ఒక బల్ల దొరికింది వీళ్లకు. “ప్రదర్శన అయినంక నిమ్మలంగ కూసోని మళ్లీ గీద్దువు.”

“బుజ్జమ్మక్కకు మాటిచ్చిన.”

“మొకం ఆ పిల్లగానిదే గద. ఒక్క మచ్చే గద పోయేది.”

ఆమె తీసేసింది. ఎంతోసేపు పట్టలేదు. బ్రష్ రెండు సార్లు అటూ ఇటూ పోనిస్తే చెంప నున్నగా అయింది. ఆ మొహం యమునకు నచ్చింది కూడా. చూడగానే ఎవరికైనా వీడు దొరకాలి అనిపించే మొహం. ప్రదర్శనలో ఒక ఆడమనిషి ఆట చివర ఆ పిల్లవాడు తల్లికి దొరికే చోట కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చాక వేరే పనులు మీద పడ్డాయి. మచ్చ మళ్లీ గీయాలన్న సంగతి యమునకు పూర్తిగా మరుపున పడలేదు. అంట్లు తోముతుంటే గుర్తొచ్చేది, కంప్యూటర్ ముందు కూర్చోగానే వేరే పని ముందుకొచ్చేది.

మరుసటి ఏడు వానాకాలంలో ‘జాడ’ బయటికొచ్చింది. పాలమూరు పిల్లలు గ్రూపుల్లో పంచుకున్నారు, పేపర్లో కూడా చిన్న వార్త పడింది. బుజ్జమ్మను పిలిచి చూపించారు. ఆమె గొంతు వినబడగానే, “థూ, నా గొంతు గిట్లుంటదా? ఎండిన డబ్బాల రాళ్లేసి ఊపినట్టు!” అంది. సతీష్ నవ్వాడు. కాసేపు చూసి, “మొకం ఎప్పుడొస్తది?” అని అడిగింది.

“చివర్లొస్తదక్కా. చాన సేపు ఆడాలె.”

చేనుకు పోయే ఆటో కింద హారన్ కొడుతోంది. బుజ్జమ్మ లేచి, “సరే తియ్, వచ్చినంక చెప్పు,” అని దిగిపోయింది.

ఆ తర్వాత దారిలో ఎక్కడ కనబడినా ఆమె అడిగేది ఒకటే. “ఎవరన్న ఏమన్న చెప్పిండ్రా?” ఇంకా లేదక్కా అనేది యమున.

చలికాలం మొదలయ్యాక, అమ్మకాలు మందగించాయని మధు గోల పెడితే, ఆట ఎలా తయారైందో చూపిద్దామని యమున తన పాత బొమ్మలు ఇంటర్నెట్‌లో ఆట పేజీలో పెట్టింది. చర్చి ఫోటో పక్కన పెట్టుకుని మొట్టమొదట గీసిన సామ్యూల్ బొమ్మ కూడా వాటిలో ఉంది. మచ్చతో సహా.

రెండు రోజులకు ఒక మెసేజ్ వచ్చింది. రాసినవాడు చరణ్. వనపర్తి పిల్లవాడు, కర్ణాటకలో ఒక సొరంగం పని దగ్గర స్టోర్ చూసుకుంటున్నాడు. అతను రాసింది యమున నిలబడే చదివింది.

“మేడమ్, మీ ఆట వానాకాలంలనే ఆడిన. ఎడమ చేతితో తినే కొడుకు అని విన్నప్పుడే మా సైట్ల రాజు అనే అతను గుర్తుకొచ్చిండు. తెలుగోడే, గాని ఏ ఊరో చెప్పకపోయేది. ఆట మొత్తం ఆడి చివర్ల మొకం చూసిన. మా రాజుకు చెంప మీద కాలిన మచ్చ ఉంటది, మీ బొమ్మకు లేదు. అతను కాదులే అనుకున్న. ఇప్పుడు మీ పాత బొమ్మ చూసిన. అతనే మేడమ్. వానాకాలంలనే రాయి పడి దవాఖానల ఉండె. దసరా ముందు చనిపోయిండు. ఎవరూ రాలేదని మునిసిపాలిటీ వాళ్లే పూడ్చిండ్రు.”

మధు చదివి ఫోన్ బోర్లా పెట్టాడు. “వేరే పేరు చెప్పుకున్నడు గద. మనమేం చేస్తం?” అన్నాడు.

“వానాకాలంల బతికే ఉండె,” అంది యమున.

మర్నాడు ఆమె మల్దకల్ బస్సెక్కింది. దారి పొడవునా మాటలు పేర్చుకుంది. ఇల్లు చేరేసరికి అబ్రహాం మంచం మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. పరంజా మీది నుంచి పడినప్పటి నుంచి ఆ కాలు సరిగా పనిచేయదు. బుజ్జమ్మ గడపలో రొట్టెలు కొడుతోంది. యమునను చూడగానే ఆమె చేయి పిండిలోనే ఆగింది.

“ఎవరన్న చెప్పిండ్రా?”

యమున పేర్చుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. “చెప్పిండ్రక్కా. ఒక పిల్లగాడు... చూసిండంట. కర్ణాటకల.”

అది అబద్ధం కాదు. చూసిన మాట నిజమే. ఆ వాక్యం తర్వాత చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది రాలేదు. అబ్రహాం లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయి, ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కుని వచ్చాడు.

“నేను గూడ వస్త.”

“గీ కాలేసుకోని బస్సులెక్కి దిగుతవా?” అంది బుజ్జమ్మ. “కూసో. వాణ్ని చెవు పట్టుకోని తెస్త.”

ఆయన మంచం మీద కూర్చున్నాడు గానీ అంగీ విప్పలేదు.

మరుసటి రోజు తెల్లవారి ఇద్దరూ బయల్దేరారు. బుజ్జమ్మ సంచిలో జొన్నరొట్టెలు, పల్లికారం, కొత్త తువ్వాల పెట్టుకుంది. ఐజ దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. చలిగాలికి కొంగు తలమీదికి లాక్కుని మాట్లాడుతూనే ఉంది.

“చూడంగనే మొదలు ఒక దెబ్బ ఏస్త. నువ్వు అడ్డం రాకు.”

“అక్కా...”

“తర్వాత అన్నం పెడ్త. ముందు దెబ్బ.”

“అక్కా, ఒక మాట...”

“ఏంది? ఆకలయితుందా? రొట్టె తింటవా? వానికని తెచ్చిన గాని, ఒకటి నువ్వు తింటె తరగవు.” సంచి ముడి విప్పి, రొట్టె తుంచి చేతిలో పెట్టింది. యమున తిన్నది. రాయచూరులో బస్సు మారినప్పుడు చెబుదామనుకుంది. అక్కడ సీట్ల కోసం తోపులాట. మూడో బస్సులో పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు, అతని ముందు ఎలా చెప్పడం అనుకుంది. చరణ్‌కైనా ఫోన్ చేసి ఆమెకు ఇంకా తెలియదని చెప్పి ఉండాల్సింది. అదీ చేయలేదు.

సైటు గేటు దగ్గర చరణ్ ఎదురుచూస్తున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో, తలమీది హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. బుజ్జమ్మ ఆ పిల్లవాడి భుజాల మీది నుంచి లోపలికి చూస్తోంది.

“అమ్మా, మట్టి చేసిన కాడికి ముందు పోదామా? లేకుంటె దవాఖానల ఫోటో ఉంది, అది చూస్తరా?” అని అడిగాడు.

బుజ్జమ్మ అతని మొహంలోకి చూసింది. “ఎవరికి మట్టి చేసిండ్రు?”

చరణ్ యమున వైపు చూశాడు. యమున సైటు వైపు చూసింది. రాళ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వాళ్ల పక్క నుంచి పోయింది.

బుజ్జమ్మ అక్కడే, రోడ్డు పక్కన, సంచి ఒళ్లో పెట్టుకుని కూలబడింది. అరవలేదు. చరణ్ నీళ్ల సీసా తెచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. సీసా అందుకుని బుజ్జమ్మ అడిగింది.

“నీకు వాడు నా కొడుకని ఎట్ల తెలిసింది నాయనా?”

అతనికి దాచాల్సిందేమీ లేదు. అన్నీ చెప్పాడు. అంతకుముందు పనిచేసిన చోట మేస్త్రి కొట్టాడని, ఇంటికి ఫోన్ చేస్తే ఆ మేస్త్రి అమ్మానాన్నల మీదికి పోతాడని భయపడి, రాజు అని పేరు మార్చుకున్నాడని తోటి కూలీలు తర్వాత చెప్పారని. ఎడమ చేత్తో తింటుంటే తామంతా నవ్వేవాళ్లమని. వానాకాలంలో ఫోన్లో ఆమె గొంతు విన్నప్పుడు ఒళ్లు జలదరించిందని.

“అప్పుడు దవాఖానల ఉండె. నడుము లేవకపోయేది గాని మాట ఉండె. పోయి అడుగుదామనే అనుకున్న. ఆఖర్ల మొకం చూస్తె మచ్చ లేదు. నున్నటి చెంప. ఈయన కాదులే అనుకున్న అమ్మా.”

“మచ్చ లేదా?”

“లేదమ్మా.”

బుజ్జమ్మ తల తిప్పి యమునను చూసింది. చేనులో తప్పిపోయిన మొగ్గ దొరికినప్పుడు చూసేది అలాగే, ఏ సాలులో ఎవరు తప్పు చేశారో చూపుతోనే పట్టేసేది. యమున నోరు తెరిచింది. ప్రదర్శన, చిన్న ఫోన్లు, తప్పుల జాబితా... వీటిలో ఏ మాటతో మొదలుపెట్టినా ఈ రోడ్డు పక్కన అది నిలబడదని ఆమెకే అర్థమైంది.

దవాఖానలో ఫోటో చూపించారు. బుజ్జమ్మ ఒక్కసారే చూసి తలూపింది. వేలిముద్ర వేయమన్న చోట వేసింది. పూడ్చిన చోటు ఊరి చివర, ముళ్లకంపల నడుమ. ఏ దిబ్బ ఎవరిదో చూపించడానికి వచ్చిన మనిషి అటొకటి, ఇటొకటి చూపించి, చివరకు ఒకదాని దగ్గర ఆగాడు. గుర్తు ఏమీ లేదు. బుజ్జమ్మ ఆ మట్టి మీద కొత్త తువ్వాల పరిచి, దాని మీద రొట్టెలు పెట్టింది. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. యమున పక్కకు వచ్చి నిలబడబోతే, కళ్లు తెరవకుండానే చేత్తో దూరం జరగమంది.

చరణ్ బలవంతం మీద ఆ రాత్రి అతనితో పాటు స్టోరులో పనిచేసే ఒకాయన ఇంట్లో ఉన్నారు. పొద్దున మళ్లీ బస్సు. ఐజలో గద్వాల బస్సెక్కాక యమున ఫోన్ మోగింది. అబ్రహాం. బుజ్జమ్మకు చేస్తే ఎత్తడం లేదని ఈ నంబరుకు చేశాడు.

“బయల్దేరిండ్రా అమ్మా?”

“బయల్దేరినం అన్నా.”

“ఎన్నిటికొస్తరు?”

“పొద్దుగూకంగ వస్తం.”

ఆయన ఇంకేదో అడగబోయాడు. సిగ్నల్ లేదన్నట్టు యమున ఫోన్ కట్ చేసింది.

“ఏమంటుండు?” అంది బుజ్జమ్మ. రోజంతా మాట్లాడని గొంతు గీసుకుపోయినట్టుంది.

“ఎన్నిటికొస్తరని అడిగిండక్కా.”

“నువ్వేమన్నవ్?”

“పొద్దుగూకంగ అన్న.”

“గంతేనా?”

“గంతే.”

పత్తి ఏరేసిన చేలు ఎండిన కట్టెలతో రోడ్డుకు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి. మల్దకల్ దగ్గరపడుతుంటే బుజ్జమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని లేచింది. యమున కూడా లేచింది.

“నువ్వు యాడికి?”

“నేను గూడ దిగుతక్కా. అబ్రహామన్నకు నేను చెప్త.”

“వద్దు.” బుజ్జమ్మ కడ్డీ పట్టుకుని, బస్సు కుదుపుకు తూలకుండా కాళ్లు ఆనించి నిలబడింది. “నువ్వు చెప్తె నున్నగ చెప్తవు యమునమ్మా. నేనే చెప్త.”

బస్సు ఆగింది. స్టేజీ దగ్గర అబ్రహాం అదే ఇస్త్రీ అంగీతో, కర్ర మీద ఒరిగి నిలబడి ఉన్నాడు. గడ్డం గీయించుకున్నాడు. బుజ్జమ్మ దిగి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఆమె మొహం చూడలేదు. ఆమెను దాటుకుని బస్సు మెట్ల వైపు చూస్తున్నాడు. పుస్తకాలు పట్టుకున్న ఒక పిల్ల దిగింది. తర్వాత ఒక ముసలామె బుట్టతో దిగింది. ఆయన ఆ ఇద్దరికీ దారి ఇచ్చి, మళ్లీ మెట్ల వైపే చూశాడు. కండక్టర్ రైట్ అన్నాడు. బస్సు కదులుతున్నా ఆయన చూపు తలుపు మీద నుంచి కదల్లేదు. తలుపు దగ్గర యమున ఒక్కతే నిలబడి ఉంది.